ఆయాసం కేసు, వార్డులో మాటలు: అపోహలు - వాస్తవాలు

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఆసుపత్రుల్లో ఉబ్బసం రోగి చాలాసార్లు తెలుగులో చెప్పుకుంటాడు, నర్సు ఒడియాలో అడుగుతుంది, చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. ఈ మూడింటి మధ్య ఇన్‌హేలర్ ఎలా పీల్చాలన్న మాట ఎక్కడో జారిపోతుంది. సిబ్బంది శిక్షణలో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే మాటలివి.

అపోహ: గట్టి ఆయాసానికి నెబులైజరే (మందును పొగమంచులా మార్చి పీల్పించే కరెంటు మిషను), ఇన్‌హేలర్ చాలదు.

వాస్తవం: ప్రాణం మీదికి రాని ఆయాసంలో ఇన్‌హేలర్‌కు స్పేసర్ (ప్లాస్టిక్ డబ్బా) తగిలించి ఇచ్చే సాల్బుటమాల్, అంటే శ్వాసగొట్టాలను తెరిచే మందు, నెబులైజర్‌కు తీసిపోదు. 100 మైక్రోగ్రాముల పఫ్‌లు (ఒక నొక్కుకు ఒక పఫ్) 4 నుంచి 10, మొదటి గంటలో 20 నిమిషాలకోసారి. ఒక పఫ్ కొట్టాలి, పీల్చాలి, తర్వాతే రెండోది. నాలుగూ ఒకేసారి కొడితే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. నాలుగేళ్ళలోపు పిల్లలకు మాస్కు ముఖానికి గాలి పోకుండా ఆనాలి. అది వదులైతే మిగతాదంతా దండగ.

స్పేసర్‌ని పెట్టెలోంచి తీసి నేరుగా వాడటం ఇంకో పొరపాటు. ప్లాస్టిక్‌లోని స్థిర విద్యుత్తు మందును లాగేసుకుంటుంది. గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్ళలో కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. అంత వ్యవధి లేకపోతే ముందుగా ఓ 20 పఫ్‌లు దాంట్లో కొట్టి వాడాలి. కరెంటు పోయి నెబులైజర్ ఆగిన రాత్రి స్పేసర్ విలువ వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: స్టెరాయిడ్ (వాపు తగ్గించే మందు) ఆఖరి అస్త్రం, అదీ సూదిగానే.

వాస్తవం: ఎక్కువ ప్రాణాలు పోయేది ఈ ఆలస్యం వల్లే అని మా అభిప్రాయం. స్టెరాయిడ్ పని మొదలుపెట్టడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి మొదటి గంటలోనే ఇవ్వాలి. పెద్దవాళ్ళకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 50 మిల్లీగ్రాములు, అంటే 10 మిల్లీగ్రాముల మాత్రలు ఐదు, రోజుకొకసారి, 5 నుంచి 7 రోజులు. 6-11 ఏళ్ళ పిల్లలకు కిలో బరువుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు, రోజుకు 40 దాటకుండా, 3 నుంచి 5 రోజులు. మింగగలిగితే మాత్రా సూదీ ఒకటే. ఇక శ్వాసగొట్టాలను తెరవడానికి వేసే పాత మందులు అమైనోఫిలిన్, డెరిఫిలిన్ సూదుల వల్ల గుండెదడ, వాంతులే మిగులుతాయి. అవి మామూలుగా అక్కర్లేదు. యాంటీబయాటిక్ కూడా అంతే, ఇన్‌ఫెక్షన్ ఆనవాళ్ళు ఉంటే తప్ప.

అపోహ: పిల్లికూతలు తగ్గాయంటే కుదుటపడ్డట్టే.

వాస్తవం: ఒక్కోసారి గాలి కదలక కూత ఆగుతుంది. ఒక్క గుక్కలో వాక్యం పూర్తి చేయగలడో లేదో చూడండి. పెద్దవాళ్ళలో నాడి 120, శ్వాస నిమిషానికి 30 దాటినా, రక్తంలో ఆక్సిజన్ 90 శాతం లోపు ఉన్నా తీవ్రమే. స్టెతస్కోపుకు ఏమీ వినపడక, మగతగా ఉన్నాడంటే ఐసీయూ కేసు. ఆలోగా ఆక్సిజన్‌తో నెబులైజర్, అందులో సాల్బుటమాల్‌కు ఇప్రట్రోపియం (గొట్టాలను తెరిచే మరో మందు) కలిపి. పంపే ముందు అవతలి ఆసుపత్రికి ఫోన్ కొట్టాలి. పెద్దాసుపత్రి ఉన్న బరంపురం దాకా ఘాట్ దారిలో ఆక్సిజన్ ఎంతసేపు వస్తుందో కూడా లెక్కేయాలి. పెద్దవాళ్ళకు 93-95 శాతం చాలు, 100 కోసం సిలిండర్ ఖాళీ చేయనక్కర్లేదు.

అపోహ: నీలం ఇన్‌హేలర్ (సాల్బుటమాల్) ఒక్కటిస్తే ఇంటికి పంపొచ్చు.

వాస్తవం: 2019 నుంచి ఉబ్బసంపై అంతర్జాతీయ సంస్థ గినా మార్గదర్శకాలు దాన్ని ఒప్పుకోవడం లేదు. అది శ్వాసగొట్టాన్ని తెరుస్తుంది, వాపును తగ్గించదు. పీల్చే స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ లేకుండా డిశ్చార్జి చేయకూడదు. దాన్ని పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయమని చెప్పాలి.

అపోహ: ఒకపూట క్లాసు పెడితే శిక్షణ అయినట్టే.

వాస్తవం: స్లైడ్లు చూసి తలూపిన నర్సమ్మ చేతికి డమ్మీ ఇన్‌హేలర్ ఇవ్వండి. వాడే ముందు ఇన్‌హేలర్‌ను ఊపడం మరిచిపోయేవాళ్ళు, పీల్చాక 10 సెకన్లు బిగపట్టనివాళ్ళు అక్కడే తెలుస్తారు. నేర్చుకున్నది నాలుగైదు వారాల్లో మళ్ళీ చెడుతుంది, అందుకే నెలకోసారి షిఫ్టు మారే వేళ ఐదు నిమిషాలు చాలు. రోగికీ అదే పరీక్ష: ‘ఏదీ, నువ్వు పీల్చి చూపించమ్మా’ అనాలి. చీటీ మీద పొద్దుటి పఫ్‌కు సూర్యుడు, రాత్రి పఫ్‌కు చంద్రుడు గీసి, వారంలోగా మళ్ళీ రావాల్సిన తేదీ అంకెల్లో రాయాలి. ఆ తేదీ ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీకి కూడా తెలిసి ఉండాలి.