కొత్తగా వచ్చిన పిల్లలకు తోడు వెళ్ళేముందు

చిరంజీవులకు,

అమెరికాలో మీ హైస్కూల్లో కొత్తగా చేరిన వలస పిల్లలకు తోడుగా ఉంటామని పేర్లిచ్చారట. సంతోషం. అయితే వారానికో రోజు, అదే గంటకు, ఏడాది చదువు ముగిసేదాకా వెళ్ళగలిగితేనే ఒప్పుకోండి. మూణ్ణెల్లయినా కాకముందే మానేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. వాళ్ళు ఇప్పటికే చాలామందిని వదిలి వచ్చారు.

రాగానే ఆల్జీబ్రా ఎత్తుకోకండి. బడిలో పుస్తకాలు దాచుకునే లాకర్‌కు ఉండే, అంకెలు తిప్పి తీసే తాళం దగ్గరే చాలామంది చిక్కుపడతారు. కుడికి మూడు చుట్లు తిప్పి మొదటి అంకె మీద ఆపాలి. ఎడమకు తిప్పుతూ ఆ అంకెను ఒకసారి దాటించి రెండోదాని మీద. మళ్ళీ కుడికి నేరుగా మూడోదాని మీద. మీరు తీసి చూపిస్తే లాభం లేదు, వాళ్ళచేతే తీయించండి. తేదీలూ అంతే. 03/04 అంటే అమెరికాలో మార్చి 4; వాళ్ళు ఏప్రిల్ 3 అనుకుని హోంవర్క్ ఇవ్వరు, టీచరేమో బద్ధకం అనుకుంటుంది.

"అర్థమైందా?" అని అడిగితే తలూపుతారు. అది మర్యాద కోసం. "రేపు ఈ కాగితం ఎవరికిస్తావు?" అని అడగండి, తెలిసిపోతుంది. పెద్దవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూడకపోవడం కూడా చాలా ఇళ్ళలో నేర్పిన గౌరవమే. మన ఇళ్ళలోనూ ఉన్నదే కదా.

గ్వాటెమాలా నుంచి వచ్చారనగానే స్పానిష్ కాగితం చేతిలో పెట్టేస్తారు. ఇంట్లో మామ్, కిచే అనే అక్కడి మాయా భాషలు మాట్లాడేవాళ్ళు ఎందరో. వాళ్ళకు స్పానిష్ కూడా బడి భాషే. మనల్ని చూడగానే హిందీ ఎత్తుకునేవాళ్ళు లేరూ, అలాగే. ముందు ఇంటి భాష అడగండి.

కబుర్లు చెప్పేంత ఇంగ్లీషు రెండేళ్ళలో వచ్చేస్తుంది. సైన్సు పాఠం చదివి సొంతంగా రాయడానికి మాత్రం ఐదు నుంచి ఏడేళ్ళు పట్టవచ్చు. గలగలా మాట్లాడే పిల్లాడు వ్యాసం రాయలేకపోతే తెలివి తక్కువని అనుకోవద్దు.

తల్లిదండ్రులతో టీచరు మాట్లాడేటప్పుడు, వాళ్ళ భాష మీకొచ్చినా సరే, మధ్యలో దుబాసీగా కూర్చోకండి. అనువాదం బాగా తెలిసిన మనిషిని పెట్టాల్సిన బాధ్యత స్కూలుది. దేశంలోకి ఎలా వచ్చారు, ఇక్కడ ఉండటానికి అనుమతి కాగితాలున్నాయా అని ఎప్పుడూ అడగొద్దు. కాగితాల్లేవని పిల్లల్ని ప్రభుత్వ బడికి రానివ్వకుండా ఆపకూడదని 1982లోనే అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఒక్క రహస్యం మాత్రం దాచకండి. ఎవరైనా కొడుతున్నారన్నా, చచ్చిపోవాలనుందన్నా అదే రోజు కౌన్సిలర్‌కు చెప్పండి. ఇలాంటివి దాచనని మొదటి వారమే వాళ్ళకు చెప్పి ఉంచండి. మీరు వాళ్ళకు తోడుగా వెళ్ళే ఆఖరి రోజు ఏదో కూడా నెల ముందే చెప్పండి.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న