బార్‌కోడ్ దగ్గర మొదలైన గొడవ

విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల దగ్గర గత ఆదివారం మళ్లీ అదే రగడ. ‘సిమ్లా బీట్ 1970’ ఎల్పీ (మన దేశపు రాక్ బ్యాండ్ల పాటల పెద్ద రికార్డు) ఒకటి చేతులు మారింది. ఒరిజినల్ అన్నారు, ఆ రేటే తీసుకున్నారు. కొన్న కుర్రాడు ఇంటికెళ్లి అట్ట తిప్పితే కింద మూలన బార్‌కోడ్! షాపు కౌంటర్లో మొదటి బార్‌కోడ్ స్కాన్ చేసిందే 1974లో, అమెరికాలో, ఓ చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద.

అమ్మినాయన చేసింది తప్పే, అందులో వాదన లేదు. కానీ మాటా మాటా పెరిగి, అసలు రీఇష్యూ, అంటే పాత రికార్డును తర్వాత మళ్లీ వేసిన ప్రతి, దాచుకోదగ్గ రికార్డేనా అనే దాకా వచ్చింది.

సిగరెట్ కంపెనీ రాక్ బ్యాండ్లకు పోటీ పెట్టి ఈ ‘సిమ్లా బీట్’ ఎల్పీలు వేయించిన కథ కలెక్టర్లందరికీ కంఠతా వచ్చు. అవి సినిమా పాటల రికార్డుల్లా ఊరూరా దొరికిన సరుకు కాదు. అప్పట్లో పాత రాక్ రికార్డులంటే బెజవాడ వాళ్లకు రాత్రి రైలెక్కి మద్రాసులోని పాత సరుకుల బజారు మూర్ మార్కెట్‌కు పోవడమే. అది 1985లో కాలిపోయింది. ఆ తర్వాత క్యాసెట్లు వచ్చి ప్లేట్లు అటకెక్కాయి.

నా లెక్కలో మలుపు, విదేశాల్లోని చిన్న రికార్డు కంపెనీలు ఈ పాటల్ని మళ్లీ వేయడమే. బొంబాయి బ్యాండ్ అటామిక్ ఫారెస్ట్ ‘అబ్సెషన్ 77’ను అమెరికాలోని నౌ-అగైన్ కంపెనీ మళ్లీ బయటికి తెచ్చింది. ఒరిజినల్స్‌కు గిరాకీ పెరిగిందీ వీటివల్లే. రీఇష్యూ విని మోజుపడ్డవాడేగా ఒరిజినల్ కోసం తిరిగేది!

ఒరిజినల్ పక్షం వాళ్లకు రీఇష్యూ అంటే జిరాక్స్ కాపీ. మ్యాట్రిక్స్ నంబర్ (ప్లేటు ఏ అచ్చులోంచి వచ్చిందో చెప్పే గుర్తు) చూడకుండా కొనొద్దంటారు. ఆ మాట నిజమే. ప్లేటును దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే, చివరి పాటకూ నడిమి కాగితం లేబుల్‌కూ మధ్య నున్నటి చోట కనిపిస్తుంది.

రెండో పక్షం వాళ్లు వినడం గురించి మాట్లాడతారు. అమెరికా రాక్ బ్యాండ్ స్లింట్ ‘స్పైడర్‌ల్యాండ్’ (1991)లో గొంతు చాలాచోట్ల గొణుగుడే. అరిగిన ఒరిజినల్ ప్లేటులో ఆ గొణుగుడు చిటపటల్లో కొట్టుకుపోతుంది. న్యూయార్క్ రాక్ బ్యాండ్ వెల్వెట్ అండర్‌గ్రౌండ్ 1967 తొలి ఆల్బమ్ అట్ట మీద అరటిపండు స్టిక్కర్. తొక్క ఒలిస్తే గులాబీ రంగు పండు. ఒరిజినల్ కొన్నవాడు రేటు పడిపోతుందని దాన్ని ముట్టుకోడు. స్టిక్కర్‌తో వచ్చిన రీఇష్యూ కొన్నవాడు హాయిగా ఒలిచి చూసుకుంటాడు.

మన కుర్రాడు అడుగుతున్నది కూడా రేటులో తేడా వరకే. రికార్డు మాత్రం తిరిగివ్వడట. అమ్మినాయన ఇంకా ఫోన్ ఎత్తలేదు.