ముందు పట్టాలు, తర్వాత ఊళ్ళు

రైలు మార్గం ఎక్కడ వేస్తారంటే జనం, సరుకు ఉన్న రెండు ఊళ్ళ మధ్య అనే ఎవరైనా చెప్తారు. ఇంగ్లండ్‌లో అలాగే జరిగింది. లివర్‌పూల్ రేవులో దిగిన పత్తి మాంచెస్టర్ మిల్లులకి చేరాలి కాబట్టి 1830లో ఆ రెండింటినీ కలిపారు. అమెరికా పడమటి భాగంలో వ్యవహారం తలకిందులుగా నడిచింది. 1862 జులైలో, అంతర్యుద్ధం జరుగుతుండగానే లింకన్ పసిఫిక్ రైల్వే చట్టం మీద సంతకం పెట్టాడు. నెబ్రాస్కాలోని ఒమాహా నుంచి కాలిఫోర్నియాలోని శాక్రమెంటో దాకా 1,776 మైళ్ళ ఆ మార్గంలో టికెట్ కొనేవాళ్ళంటే ఉటాలోని మోర్మన్లు అనే మతశాఖవాళ్ళు, అక్కడక్కడా గనుల్లో పనిచేసేవాళ్ళు, అంతే. మిగతా నేలంతా లకోటా, షయాన్, పానీ, షొషోనీ లాంటి ఆదివాసీలది.

మరి ఏ లాభం చూసుకుని కంపెనీలు దిగాయి? ప్రభుత్వం అప్పూ భూమీ రెండూ ఇచ్చింది. చదునైన నేల మీద మైలుకి 16,000 డాలర్ల బాండ్లు, మధ్యలోని ఎత్తు ప్రాంతంలో 32,000, కొండల్లో 48,000. ఇలా రేటు కట్టాక కొండ ఎక్కడ మొదలవుతుందో ఎవరు తేల్చాలి? శాక్రమెంటో నుంచి తూర్పుకి పట్టాలు వేస్తున్న సెంట్రల్ పసిఫిక్ కంపెనీ, కాలిఫోర్నియా రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త జొసయా విట్నీని అడిగింది. ఆర్కేడ్ క్రీక్ అనే వాగు దగ్గరి మట్టి సియెర్రా కొండల నుంచి కొట్టుకొచ్చిందే కాబట్టి కొండ ఇక్కడే మొదలని ఆయన తేల్చాడు. ఆ వాగు శాక్రమెంటోకి ఏడు మైళ్ళ దూరం, చుట్టూ మైదానం. లింకన్ సరేనన్నాడు. మట్టి రంగు చూసి ఇంత డబ్బు రాబట్టినవాళ్ళు అరుదు.

భూమి సంగతి ఇంకా పెద్దది. 1864లో సవరించిన చట్టం ప్రకారం వేసిన ప్రతి మైలు రైలు పట్టాకి 640 ఎకరాల ముక్కలు ఇరవై, అంటే 12,800 ఎకరాలు. ఆ ముక్కలన్నీ ఒకేచోట ఇవ్వలేదు, చదరంగం బల్లలో నల్ల గళ్ళు కంపెనీకి, తెల్ల గళ్ళు ప్రభుత్వానికి అన్నట్టు పంచారు. పక్కన రైలొస్తే ధర పెరుగుతుంది కాబట్టి ప్రభుత్వం తన గళ్ళని ఎకరం 1.25 డాలర్లకి బదులు 2.50కి అమ్మొచ్చని లెక్క వేసుకుంది. ఆ గళ్ళ పీడ ఇంకా వదల్లేదు. వయోమింగ్‌లో ఒక సర్కారు గడి మూల నుంచి ఇంకో సర్కారు గడిలోకి అడుగు వేసిన వేటగాళ్ళ మీద పక్క గళ్ళ యజమాని కేసు పెడితే, తప్పేం లేదని 2025లో అప్పీల్ కోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇక కట్టడం. ఇనప చక్రం ఇనప పట్టా మీద చాలా తేలిగ్గా దొర్లుతుంది, తక్కువ శక్తితో ఎక్కువ బరువు లాగగలగడానికి కారణం అదే. కానీ ఆ నున్నదనమే ఎత్తు ఎక్కేటప్పుడు శత్రువు, చక్రం జారిపోతుంది. అందుకే మైలుకి 116 అడుగుల కంటే ఎక్కువ ఎత్తు పెరగకూడదని నియమం పెట్టారు. ఆ నియమానికి లోబడి సియెర్రా నెవాడా దాటాలంటే గ్రానైట్ కొండకి 1,659 అడుగుల సొరంగం తవ్వాల్సిందే. నైట్రోగ్లిజరిన్ అక్కడే తయారుచేసి పేల్చేవాళ్ళు, అయినా రోజుకి ముందుకి జరిగేది ఒకటి రెండు అడుగులు. తవ్వింది ఎక్కువగా చైనా నుంచి వచ్చిన కూలీలు. తెల్లవాళ్ళకి కూలితో పాటు తిండి కూడా పెట్టేవాళ్ళు, చైనావాళ్ళకి తక్కువ కూలి, పైగా తిండి ఖర్చు వాళ్ళదే. 1867 జూన్‌లో వేలమంది సమ్మె చేస్తే క్రాకర్ అనే యజమాని సరుకులు రానీకుండా ఆపేసి వారంలో లొంగదీశాడు. 1869 మే 10న ఉటాలోని ప్రొమోంటరీ దగ్గర, తూర్పు నుంచి వచ్చిన పట్టాలు ఈ పట్టాలతో కలిసినప్పుడు, బంగారు మేకుతో సంబరం చేసిన లీలాండ్ స్టాన్‌ఫర్డ్ ఆ కంపెనీ అధ్యక్షుడే. బే ఏరియాలో ఉన్న మనవాళ్ళందరికీ తెలిసిన యూనివర్సిటీ ఆయన పెట్టిందే, అందులో పోసింది రైలు డబ్బే.

పట్టాలైతే పడ్డాయి, ఇప్పుడు ఎక్కే జనం కావాలి. కంపెనీలు యూరప్‌లో ఆఫీసులు తెరిచి, కరపత్రాలు పంచి, భూమి అమ్మి రైతుల్ని పిలిపించాయి. జర్మన్ల పెట్టుబడి కోసం నార్తర్న్ పసిఫిక్ కంపెనీ డకోటాలోని ఒక ఊరికి 1873లో ఏకంగా బిస్మార్క్ అని పేరు పెట్టింది. ఊళ్ళ స్థలాలు గీసి అమ్మింది కూడా చాలాచోట్ల కంపెనీలే. ఇదంతా ఖాళీ నేల మీద జరిగిందన్నట్టు రాసేవాళ్ళు ఉన్నారు, అది అబద్ధం. ఆదివాసీల బతుకంతా బైసన్ అనే అడవి దున్నల మందల మీద ఉండేది. రైలొచ్చాక ఆ తోళ్ళు బండ్ల కొద్దీ తూర్పుకి పోయాయి, చాలావరకు ఫ్యాక్టరీ యంత్రాలు తిప్పే బెల్టుల కోసం. కోట్లలో ఉన్న జంతువు 1880ల చివరికి వందల్లోకి పడిపోయింది. పరిశ్రమ, పడమటి ఆక్రమణ ఒకదాన్నొకటి మేపుకున్న తీరు ఇంతకంటే స్పష్టంగా ఇంకెక్కడా కనబడదు.

షికాగో కథ చూడండి. 1850లో 30,000 జనం, 1890కి పది లక్షలు దాటారు. పశువుల్ని ప్రాణంతో తూర్పుకి పంపితే దారిలో చిక్కిపోయేవి, పైగా బరువులో చాలా భాగం ఎముకా తోలే. గుస్టావస్ స్విఫ్ట్ అనే మాంసం వ్యాపారి ఐస్ పెట్టిన రైలు పెట్టెల్లో మాంసమే పంపుదామన్నాడు. పశువుల బోగీల మీద పెట్టుబడి పెట్టిన పెద్ద రైలు కంపెనీలు ఒప్పుకోలేదు, దాంతో ఆయన కెనడా మీదుగా వెళ్ళే గ్రాండ్ ట్రంక్ రైల్వేని పట్టుకున్నాడు. ఉక్కుదీ ఇదే దారి. రద్దీ ఎక్కువున్న చోట ఇనప పట్టాలు రెండు మూడేళ్ళకే అరిగిపోయేవి, ఉక్కు చాలాకాలం ఆగేది. కరిగిన ఇనుములోకి గాలి ఊది కార్బన్‌ని కాల్చేసే బెస్సెమర్ పద్ధతితో అది చవకైంది. 1875లో కార్నెగీ అనే వ్యాపారి ఉక్కు ఫ్యాక్టరీ మొదలుపెట్టి దానికి పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అధ్యక్షుడు ఎడ్గర్ థామ్సన్ పేరు పెట్టాడు, మొదటి ఆర్డరు కూడా ఆ రైల్వేదే!

గిరాకీ రాకముందే వేసిన పట్టాలకి అప్పులు మాత్రం ముందే వచ్చేశాయి. 1873లో నార్తర్న్ పసిఫిక్‌కి డబ్బు సర్దుతున్న జే కుక్ బ్యాంకు మూతపడి దేశమంతా మాంద్యం వచ్చింది. కంపెనీలు ఆ భారం రైతుల మీద వేశాయి. పోటీ ఉన్న షికాగో, న్యూయార్క్ మధ్య దూరానికి తక్కువ, ఒకే రైలున్న పల్లె నుంచి దగ్గర ఊరికి ఎక్కువ రేటు. రైలు పిలిస్తే వచ్చిన రైతులే సంఘాలు కట్టి దాని మీద తిరగబడ్డారు. 1887లో రేట్లు బయటపెట్టాలని, దగ్గరి దూరానికి ఎక్కువ గుంజకూడదని చట్టం చేసి ఒక కమిషన్ వేశారు. దానికి గరిష్ఠ రేటు తానే నిర్ణయించే అధికారం మాత్రం 1906 దాకా రాలేదు.