పాత పనిముట్ల మీది పేర్లు: అపోహలు, వాస్తవాలు

"పేరు ఉంది కదా, ఇంకేం వెతుకుతారు?" అని పాత చిత్రిక (వడ్రంగి చెక్కను నునుపు చేసే పనిముట్టు) చేతికిచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. దాన్ని ఎవరు, ఎప్పుడు చేశారో వెతికే నా పని మొదలయ్యేది ఆ పేరు దగ్గరే.

అపోహ: మీదున్న పేరు చేసినవాడిదే.

వాస్తవం: బ్రిటన్ చెక్క చిత్రికల ముందు కొసన మూడు రకాల పేర్లు కనిపిస్తాయి. చేసినవాడిది ఒకటి. తెప్పించుకుని తన ముద్రతో అమ్మిన ఇనుప సామాన్ల కొట్టుది ఇంకొకటి. మూడోది, తన సామాను పక్కవాడి పెట్టెలో కలిసిపోకుండా వడ్రంగి కొట్టుకున్నది. చిత్రిక చేతులు మారేకొద్దీ ఇవి పెరుగుతాయి. ఒకే ముద్ర చాలా చిత్రికల మీద అదే చోట ఉంటే అది తయారీదారుదో కొట్టుదో కావచ్చు. ఒక్కదాని మీదే నాలుగైదు చోట్ల వంకరటింకరగా పడి ఉంటే మాత్రం వాడుకున్నవాడిదని అనుమానిస్తాను. అప్పుడు ఆ ఊరి పాత వ్యాపార డైరెక్టరీలు తిరగేస్తాను. అతన్ని చిత్రికలు చేసేవాడిగా రాశారా, ఇనుప వర్తకుడిగానా? కొట్టు ఏ ఏడాది వీధి మారింది? చిరునామా దొరికితే కాలం కూడా చాలావరకు దొరికినట్టే. డైరెక్టరీలో ఆ పేరున్న వరుస కంటపడిన రోజు నాకు పండగే.

రంపం పిడి మీది ఇత్తడి బిళ్లపై కనిపించే "వారంటెడ్ సుపీరియర్" కంపెనీ పేరు కాదు. నాణ్యతకు హామీ మాట, ఎందరో వాడారు.

అపోహ: పేటెంట్ తేదీయే తయారైన తేదీ.

వాస్తవం: అది ఆ కొత్త పద్ధతి మీద హక్కు దక్కిన తేదీ మాత్రమే. అమెరికా కంపెనీ స్టాన్లీ ఇనుప చిత్రికల్లో ఏప్రిల్ 19, 1910 అన్న తేదీ ఒక్కటే ఉంటే, ఆ చిత్రిక సాధారణంగా 1919 తర్వాతది.

అపోహ: "కాస్ట్ స్టీల్" అంటే పోత ఇనుము, నాసిరకం.

వాస్తవం: అది మూసలో (వేడికి తట్టుకునే మట్టి పాత్రలో) కరిగించిన ఉక్కు. 1740లలో షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ సాధించిన పద్ధతి. ఆ దిమ్మెల్ని సాగగొట్టి మంచి ఉలులు చేసేవారు. మూస ఉక్కు మనకూ పాత విద్యే. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో వేరే పద్ధతిలో చేసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు.

అపోహ: పనివాళ్ల బతుకులు ఏ కాగితంలోనూ దొరకవు.

వాస్తవం: వీలునామాలు చూడండి. అమెరికాలో మసాచుసెట్స్‌లోని రెంథమ్‌లో ఫ్రాన్సిస్ నికల్సన్ చిత్రికలు చేసేవాడు. సీజర్ చేలర్ అతని దగ్గర బానిస. 1753లో నికల్సన్ పోయినప్పుడు, చేలర్‌కు స్వేచ్ఛ, పనిబల్ల, పనిముట్లు, 10 ఎకరాల అడవి భూమి అతని వీలునామా ద్వారా దక్కాయి. ఆ తర్వాతి చిత్రికల మీద చేలర్ పేరే ఉంటుంది. దాని కింద, "రెంథమ్ నివాసి" అని.