సోమవారం కుడికాలు, శుక్రవారం ఎడమకాలు

చిన్నూకి, అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన వీడియో చూశాను. నలభై సెకన్లే ఉంది గానీ ఆరేడు సార్లు వేసుకుని చూశాను. మీ నాయనమ్మ వంటింట్లోంచి తొంగిచూసి "అంతగా ఏం సినిమా అది?" అని అడిగింది కూడా. మీ కుక్కపిల్ల బ్రూనో సోమవారం కుడి ముందుకాలు కుంటుతూ నడిచాడనీ, మూడు రోజులు మామూలుగా తిరిగి శుక్రవారం ఎడమ ముందుకాలు పట్టుకున్నాడనీ చిన్నూ రాశాడు. "వాడు యాక్టింగ్ చేస్తున్నాడా తాతయ్యా?" అని అమ్ములు అడిగింది. యాక్టింగ్ కాదమ్మా. నొప్పి నిజంగానే కాలు మారుతుంది. ఏడు నెలల జర్మన్ షెపర్డ్ మగపిల్ల అనగానే నాకు మొదట అదే తోచింది.

ఫోన్‌లో చెబితే సగం వినేలోపే ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటారు. అందుకే ఉత్తరం. మీ నాన్నకు కూడా చదివి వినిపించండి, ముఖ్యంగా కాల్షియం సంగతి.

ముందు కుంటు ఎలా చూడాలో చెబుతాను. ముందుకాలు కుంటుతుంటే కాళ్లు చూడకండి, తల చూడండి. నొప్పి ఉన్న కాలు నేలకు ఆనగానే కుక్క తల పైకెత్తుతుంది, ఆ కాలి మీద బరువు పడకుండా. బాగున్న కాలు ఆనినప్పుడు తల కిందికి దించుతుంది. మీ వీడియోలో పదిహేనో సెకను దగ్గర ఆపి చూడండి. ఎడమకాలు పడగానే వాడి తల లేస్తోంది. చూసేవాళ్లకు మాత్రం కుడికాలు నొప్పేమో అనిపిస్తుంది. అందరూ అలాగే పొరబడతారు, ఎందుకంటే తల దిగేటప్పుడు కుడికాలు మీద కూలబడుతున్నట్టు కనిపిస్తుంది. వెనక కాలైతే తల కాదు, నడుము చూడాలి. నొప్పి ఉన్న వైపు తుంటి పైకి ఎగిరినట్టు లేస్తుంది.

ఇక ఎముక సంగతి. ఎముక రబ్బరులా మొత్తంగా సాగి పొడుగవదు. చెరుకు గడ చూశారుగా, ప్రతి కణుపు పైన లేతగా ఉండే చోటే అది ఎదుగుతుంది. కాళ్ల పొడుగాటి ఎముకలకు కూడా చివర్ల దగ్గర అలాంటి లేత పట్టీలు ఉంటాయి. మీ చెవి మడిచి చూసుకోండి, మెత్తగా వంగుతుంది కదా, ఆ మృదులాస్థి లాంటిదే. అక్కడ కొత్తది పుడుతూ, పాతది గట్టిపడి ఎముకగా మారుతూ కాలు పొడుగవుతుంది. ఎదుగుదల అయిపోయాక ఆ పట్టీలు మూసుకుపోతాయి. బ్రూనో లాంటి వాడికి ఏడాది దగ్గర్లో, ఇంకా భారీ జాతులకు ఏడాదిన్నర దాకా పడుతుంది.

ఆ వేగం ఎంతో ఒకసారి లెక్కేయండి. బ్రూనో పుట్టినప్పుడు అరకిలో ఉండి ఉంటాడు. ఏడాది తిరిగేసరికి ముప్పై కిలోలు. అరవై రెట్లు! చిన్నూ, నువ్వు పుట్టినప్పుడు మూడు కిలోలు. పన్నెండేళ్లకు ముప్పై ఎనిమిది. అంత తొందరలో కట్టే ఇంట్లో ఎక్కడో ఒకచోట పని చెడకుండా ఉంటుందా?

బ్రూనోకి ఉందని నేను అనుకునే దాన్ని డాక్టర్లు పానోస్టియైటిస్ అంటారు. పేరు పలకలేకపోతే "పానో" అనండి, మా పశువైద్యులమూ అలాగే అనేవాళ్లం. ఇది కీళ్ల జబ్బు కాదు, ఎముక చివర లేత పట్టీల జబ్బూ కాదు. పొడుగాటి ఎముక నడుమ, లోపలి గుల్లలో మూలుగ ఉండే చోట మొదలవుతుంది. అక్కడ అక్కర్లేని కొత్త ఎముక పోగవుతుంది, లోపల ఒత్తిడి పెరిగి సలుపు పుడుతుంది. ఒక ఎముకలో రెండు మూడు వారాలు ఉండి తగ్గుతుంది, ఈలోపు ఇంకో ఎముకలో మొదలవుతుంది. కాలు మారడమంటే అదే. ఎక్కువగా అయిదు నెలల నుంచి ఏడాదిన్నర లోపు వస్తుంది, ఆడపిల్లల కంటే మగపిల్లలకు ఎక్కువ, జర్మన్ షెపర్డ్‌లకు ఇంకా ఎక్కువ. కొన్నిసార్లు ఒళ్లు వెచ్చబడుతుంది, తిండి మీద ఆశ తగ్గుతుంది. ఎందుకొస్తుందో సైన్సుకు ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు. తగ్గడం మాత్రం దానంతటదే తగ్గుతుంది. దాదాపు రెండేళ్లు నిండేసరికి పోతుంది, కాలు వంకర తిరగదు కూడా. కాబట్టి అమ్ములూ, బ్రూనో జన్మంతా కుంటాడా అన్న నీ టెన్షన్ కాస్త పక్కన పెట్టు.

దీన్ని "ఎదిగే నొప్పులు" అంటారని మీ నాన్న ఇంటర్నెట్‌లో చూశాడట. మాట తప్పు కాదు గానీ, చిన్నూకి ఆరో ఏట వచ్చిన నొప్పుల్లాంటివి కావు. నీకు గుర్తుందా చిన్నూ, రాత్రి పడుకున్నాక పిక్కలు లాగుతున్నాయని ఏడిస్తే నాయనమ్మ నువ్వులనూనె వెచ్చచేసి రాసేది? పొద్దున్నే లేచి గోడ దూకేవాడివి. మనుషుల పిల్లలకు ఆ నొప్పులు సాయంత్రమో రాత్రో వస్తాయి, తెల్లారితే ఉండవు, వాటి వల్ల కుంటరు. పగలంతా కుంటే పిల్లాణ్ణి ఎదిగే నొప్పి అని ఇంట్లో కూర్చోబెట్టకూడదు. కుక్కపిల్ల పానోలో పగలే కుంటుంది. పేరొకటే, సరుకు వేరు.

ఇప్పుడు కాల్షియం.

నేను రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో చదివిన రోజుల్లో మాకు గేదెలు, ఎద్దుల పాఠాలు ఎక్కువ, కుక్కల పాఠాలు తక్కువ. ఈనిన గేదె పాలజ్వరంతో కింద పడిపోతే నరానికి కాల్షియం ఎక్కించడం, అది లేచి నిలబడటం, రైతు దండం పెట్టడం. అదంతా చూసి కాల్షియం అంటే మాకు సంజీవని అనే భ్రమ ఉండేది. ఉద్యోగంలో చేరాక కుక్కపిల్ల కుంటుతోందని ఎవరొచ్చినా కళ్లు మూసుకుని కాల్షియం సిరప్ రాసేవాణ్ణి. ఒకటీ రెండూ కాదు, ఏళ్ల తరబడి. గ్రేట్ డేన్ అనే భారీ జాతి కుక్కపిల్ల ఒకదానికి అలాగే రాశాను. మంచి కంపెనీ పప్పీ ఫుడ్ తింటోంది, దాని పైన రోజూ నా సిరప్. ఆరు నెలలకల్లా ముంజేతులు బయటికి వంగాయి. తప్పు నాదని అప్పుడు నాకు తెలియలేదు. "డోసు చాలలేదేమో" అని ఇంకాస్త పెంచాను. ఇప్పటికీ ఆ కాళ్లు నా కళ్ల ముందు కదులుతాయి.

అప్పటికే నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో హేజవింకెల్ అనే ఆయన, ఆయన తోటివాళ్లు గ్రేట్ డేన్ పిల్లల మీద 1980లలో ఈ సంగతే తేల్చారు. నేను చదివింది చాలా ఆలస్యంగా. ఎదిగిన కుక్క ఒంటికి కావలసినంత కాల్షియం పట్టుకుని మిగతాది వదిలేస్తుంది. ఆరు నెలల లోపు పిల్లకు ఆ అదుపు సరిగ్గా ఉండదు. ఎంత పెడితే దాంట్లో చాలా భాగం లోపలికి పోతుంది. అప్పుడు ఆ లేత పట్టీల్లో మృదులాస్థి ఎముకగా మారే పని గాడి తప్పుతుంది, కీళ్లు చెడతాయి, కాళ్లు వంగుతాయి.

అలాగని కాల్షియం విషం అనుకునేరు. మా ఊళ్లో ఒక కుక్కపిల్లకు రోజూ ఎముక లేని కోడిమాంసం, అన్నం తప్ప ఇంకేమీ పెట్టేవారు కాదు. "బలం కదండీ డాక్టరుగారూ" అనేవారు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. తిండిలో దొరకనిదాన్ని ఒళ్లు ఎముకల్లోంచే లాక్కుంటుంది. ఆ పిల్ల మంచం మీంచి దూకి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. ఎక్స్‌రేలో ఎముకలు గాజు గొట్టాల్లా పల్చగా కనిపించాయి. దానికి కాల్షియం కావాలి, ఇచ్చాం, కోలుకుంది. అంటే ముందు గిన్నెలో ఏముందో అడగాలి, తర్వాతే మందు రాయాలి. మీ నాన్న తెచ్చే కుక్కతిండి సంచి మీద "లార్జ్ బ్రీడ్ పప్పీ" అని ఉందని చెప్పారుగా. అయితే దాంట్లోనే అన్నీ లెక్కప్రకారం ఉంటాయి. కుక్కల షాపతను ఇచ్చిన ఆ కాల్షియం డబ్బా మూత పెట్టి అటక మీద పెట్టండి.

ఆ సంచిలోది కూడా కొలిచి పెట్టండి. గిన్నె నిండా పోసి వదిలేయకండి. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను తీసుకుని, సగం వాటికి మిగతావాటికంటే పావువంతు తక్కువ తిండి పెడుతూ బతికినన్నాళ్లూ గమనించారు. 2002లో ఆ వివరాలు ప్రచురించారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, తుంటి కీళ్లు కూడా వాటికే బాగున్నాయి. బ్రూనో పక్కటెముకల మీద అరచేత్తో నిమిరి చూడండి. నొక్కకుండానే ఎముకలు తగలాలి, కంటికి మాత్రం తేలి కనపడకూడదు. మీ అమ్మ వాడికి అర చపాతీ ఎక్స్‌ట్రా పెడుతుందని నాకు తెలుసు. అది కూడా లెక్కలోకే వస్తుంది.

నేను పానో అంటున్నానని డాక్టరు దగ్గరికి వెళ్లడం మానకండి. వీడియో చూసి చెప్పేది ఊహే. డాక్టరు ఎముక నడుమ వేళ్లతో గట్టిగా నొక్కి చూస్తారు, పానో ఉంటే కుక్క కీచుమంటుంది. అది మీరు చెయ్యొద్దు. ఎంత ప్రేమ ఉన్నా ఆ నొప్పిలో కరుస్తాడు. ఎక్స్‌రేలో ఎముక లోపల తెల్లగా మబ్బు పట్టినట్టు కనిపిస్తుంది. అయితే మొదటి రోజుల్లో తీస్తే ఏమీ కనపడకపోవచ్చు. "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అనగానే వాడు నటిస్తున్నాడనుకోకండి.

కుంటినదల్లా పానో కాదు. చాలా ఏళ్ల కిందట ఒక లాబ్రడార్ పిల్లను తెచ్చారు. ఎనిమిది నెలలది, ఎప్పుడూ ఎడమ ముందుకాలే. మూడు నెలలుగా ఎవరో "ఎదిగే నొప్పి, అదే పోతుంది" అంటే ఊరుకున్నారు. చూస్తే మోచేతి కీలులో చిన్న ఎముక ముక్క ఊడి ఉంది. అప్పటికే కీలు అరగడం మొదలైంది. అందుకే చిన్నూ, ఏ కాలో ప్రతిరోజూ రాసుకోమంటున్నాను. రెండు మూడు వారాలు దాటినా అదే కాలైతే భుజమో, మోచేయో అని అనుమానించాలి. కుందేలులా వెనక రెండు కాళ్లూ కలిపి గెంతుతూ పరిగెత్తితే తుంటి కీళ్లు చూపించాలి. మూడు నుంచి ఆరు నెలల పిల్లకు మణికట్టు పైన వాచి, వేడిగా ఉండి, జ్వరంతో లేవలేకపోతే అది ఇంకో జబ్బు. ఆ రోజే తీసుకెళ్లాలి. కాలు అసలు నేలకు ఆనించకపోయినా అంతే.

మన దగ్గర ఇంకొకటి ఉంది, గోమార్లు. కొన్నిచోట్ల పిడుదులంటారు. అవి కుట్టి వచ్చే జ్వరంలో కూడా కీళ్లు పట్టేసి కాలు మారుతూ కుంటుతుంది, అచ్చం పానోలాగే. రక్తపరీక్ష చేస్తే గానీ తేడా తెలియదు. చెవుల లోపల, మెడ పట్టీ కింద, వేళ్ల సందుల్లో వెతకండి. ఆ వెతుకులాటలో పల్లేరుకాయ ముల్లో, తుమ్మ ముల్లో దొరికితే నా ఉత్తరమంతా వృథా. అదే నాకు ఇష్టం కూడా.

ఇంట్లో మందుల డబ్బా జోలికి పోవద్దు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ మనకు వేసినట్టు కుక్కకు వేస్తే కాలేయమో, కిడ్నీలో, కడుపో దెబ్బతింటాయి. డైక్లోఫినాక్ సంగతి మీకు ఇంకోసారి చెబుతాను. అది వేసిన పశువులు చచ్చాక వాటిని తిన్న రాబందులు కిడ్నీలు చెడి చనిపోయాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించేసరికి మా ఊరి తాటితోపులో ఒక్క రాబందు మిగల్లేదు. బామ్ కూడా రాయకండి, నాకేస్తాడు. కుక్కలకు నొప్పి మందులు వేరే ఉన్నాయి, డాక్టరు బరువు చూసి రాస్తారు.

నొప్పి రోజుల్లో బెల్టు పట్టుకుని పది నిమిషాలు తిప్పితే చాలు. సోఫా మీంచి, కారులోంచి దూకనివ్వద్దు, ఎత్తి దించండి. మీ హాల్లో ఆ మెరిసే టైల్స్ మీద వాడి కాళ్లు నాలుగు వైపులా జారిపోతుంటాయి. పాత జంపఖానా నాయనమ్మ పెట్టెలో ఉంది, పంపిస్తున్నాం. వాడి గిన్నె నుంచి గుమ్మం దాకా పరవండి. గోళ్లు పెరిగితే ఇంకా జారతాడు.

ఈసారి వీడియో టైల్స్ మీద కాకుండా కింద రోడ్డు మీద తీయండి. బెల్టు వదులుగా ఉండాలి, పరుగు కాదు, నడక. ఒకసారి పక్కనుంచి, ఒకసారి ఎదురుగా. అమ్ములు తీస్తే మంచిది, చిన్నూ చెయ్యి వణుకుతుంది.

నాయనమ్మ ఇప్పుడే ఇదంతా చదివి, "అయితే సంక్రాంతికి వస్తే వాడికి పెరుగన్నం పెట్టొద్దా?" అని మొహం చిన్నబుచ్చుకుంది. రెండు ముద్దలు పెట్టుకోమన్నాను. మూడో ముద్ద పెడుతుందని నాకు తెలుసు.

మీ తాతయ్య