మీటర్ తిప్పిన స్పోర్ట్స్ కారు: అపోహలు, వాస్తవాలు

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ల తరఫున బండి చూసిపెట్టడం నా పని. హైదరాబాద్‌లో పాత పోర్షేలు, బీఎండబ్ల్యూ ఎం కార్లు, మస్టాంగ్‌లు, ఆక్టేవియా ఆర్‌ఎస్‌లు ఇప్పుడు బాగానే చేతులు మారుతున్నాయి. మామూలు కారు పదేళ్లకు 20,000 కిలోమీటర్లే చూపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. స్పోర్ట్స్ కారు దగ్గర రాదు. "ఆదివారం పొద్దున్నే ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) మీద ఒక రౌండ్ తప్ప బయటికి తీయలేదండీ" అంటే నమ్మేస్తాం. నిజంగా అలా వాడేవాళ్లు ఉన్నారు కూడా. మీటర్ తిప్పేవాళ్లు, అంటే తిరిగిన కిలోమీటర్లను తగ్గించి చూపేవాళ్లు, వాడుకునేది సరిగ్గా ఆ నమ్మకాన్నే.

అపోహ: డిజిటల్ మీటర్‌ను ఎవరూ మార్చలేరు.

పాత చక్రాల మీటర్ కంటే దీన్ని మార్చడమే తేలిక. పాతదాన్ని విప్పి తిప్పితే అంకెలు వరుస తప్పి పట్టిచ్చేవి. డిజిటల్ మీటర్లో రీడింగ్ ఒక మెమరీ చిప్‌లో ఉంటుంది. తగిన పరికరం, ల్యాప్‌టాప్ ఉంటే చాలా కార్లలో దాన్ని తిరగరాయొచ్చు, పైకి ఏ గుర్తూ మిగలదు. ఇంకో పద్ధతి ఉంది. మీటర్ వెనక వైరింగ్‌లో చిన్న బ్లాకర్ బిగిస్తారు. బండి తిరుగుతూనే ఉంటుంది, కిలోమీటర్లు మాత్రం ఎక్కవు. రీడింగ్ తిరగరాసిన కారులో ఇతర కంట్రోల్ యూనిట్లలో (కారులోని చిన్న కంప్యూటర్లలో) పాత అంకె దొరికే అవకాశం ఉంది. బ్లాకర్ పెట్టిన కారులో ఆ ఆశ తక్కువ. అసలు లెక్కే నమోదు కాలేదు కదా.

అపోహ: స్కానర్ పెడితే నిమిషంలో తెలిసిపోతుంది.

ఏ స్కానర్ అన్నది ముఖ్యం. ఆన్‌లైన్‌లో దొరికే చవక ఓబీడీ డాంగిల్ (కారు డయాగ్నస్టిక్ పోర్టుకు గుచ్చే చిన్న పరికరం) ప్రధానంగా ఇంజన్ సమాచారం చదువుతుంది. అందులోనూ పనికొచ్చేది ఒకటుంది: ఎర్రర్ కోడ్‌లు (కారు నమోదు చేసుకున్న లోపాల గుర్తులు) చెరిపిన తర్వాత బండి తిరిగిన దూరం. అది మీటర్ రీడింగ్ కంటే ఎక్కువగా కనిపిస్తే ఇక బేరం అవసరం లేదు. అసలు పని కంపెనీ స్థాయి టూల్‌తోనే అవుతుంది. పోర్షేకి పివిస్, ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలకు ఓడిస్, బీఎండబ్ల్యూకి ఇస్టా. ఒక్కో యూనిట్ ఏ రీడింగ్ దగ్గర ఏం రాసుకుందో వీటితో పోల్చి చూడొచ్చు. చాలా బీఎండబ్ల్యూ మోడళ్లలో రీడింగ్ తాళంచెవిలో కూడా నమోదవుతుంది. అందుకే స్పేర్ తాళం కూడా తెప్పించి చదివించమంటాను. మీటర్ తిప్పినవాళ్లు రోజూ వాడే తాళాన్ని సరిచేసి, బీరువాలో ఉన్నదాన్ని మర్చిపోవచ్చు.

పోర్షే అయితే నేను ముందు అడిగేది ఇంజన్ నడిచిన గంటలు. ఇంజన్ కంట్రోల్ యూనిట్ ఈ లెక్కను విడిగా ఉంచుకుంటుంది. మీటర్ మార్చినా, బ్లాకర్ పెట్టినా గంటలు పెరుగుతూనే ఉంటాయి. మీటర్ 24,000, గంటలు 1,450 అనుకుందాం. భాగిస్తే సగటు వేగం గంటకు పదహారున్నర కిలోమీటర్లు. రోజూ పంజాగుట్ట ట్రాఫిక్‌లో ఆఫీసుకు వెళ్లిన కారుకు ఆ సగటు కుదురుతుందేమో. వారానికోసారి ఖాళీ ఓఆర్‌ఆర్ మీద మాత్రమే తిరిగానన్న కారుకు కుదరదు. అవే 24,000 కిలోమీటర్లకు 600 గంటలైతే సగటు 40, అమ్మేవాళ్ల మాట లెక్కకు అందుతుంది. దీన్నొక్కదాన్నే పట్టుకుని దొంగ బండి అని తేల్చలేం, ఏసీ వేసుకుని గంటలకొద్దీ ఐడ్లింగ్‌లో (బండి కదలకుండా ఇంజన్ ఆన్‌లో) ఉంచేవాళ్లూ ఉంటారు. కానీ అడగాల్సిన ప్రశ్న మీ చేతికొస్తుంది. ఇంజన్ రెడ్ లైన్ (తిరగగల గరిష్ఠ వేగం హద్దు) దాటి ఎన్నిసార్లు తిరిగిందో, చివరిసారి ఎన్నో గంటలో దాటిందో కూడా అదే రిపోర్ట్ చెబుతుంది. తప్పు గేరు పడి ఇంజన్ దెబ్బతిన్న చరిత్ర ఏ మీటర్లోనూ ఉండదు.

అపోహ: స్టీరింగ్, పెడల్స్ అరగలేదంటే తక్కువ తిరిగినట్టే.

స్టీరింగ్‌కు కొత్త లెదర్ చుట్టించడం, పెడల్ రబ్బర్లు మార్చడం పెద్ద ఖర్చేమీ కాదు. నిజానికి 20,000 తిరిగిన కారులో అవి కొత్తవైతే ఎందుకు మార్చారో అడగాలి. నేను డ్రైవర్ సీటు కుడి అంచు చూస్తాను. ఈ కార్లు నేలకు దగ్గరగా ఉంటాయి కాబట్టి ఎక్కినా దిగినా ఒళ్లంతా ఆ అంచు మీదే రాసుకుంటుంది. పక్క సీటుతో పోల్చి చూడండి. తర్వాత డ్రైవర్ సీట్ బెల్ట్ పూర్తిగా బయటికి లాగండి. అంచుల్లో దారాలు లేచి ఉంటే అది ఏళ్ల తరబడి రోజూ లాగిన బెల్ట్.

అపోహ: టైర్లు కొత్తవైతే మంచిదే.

టైరు మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ఏడేళ్ల కారుకు వయసు వల్ల టైర్లు మార్చడం సహజం, దాంట్లో తప్పు పట్టడానికి లేదు. తేదీని, అరుగుదలను, సర్వీస్ రికార్డును కలిపి చదవాలి. 2018 కారు, మీటర్ 19,000. 2023 మొదట్లో సర్వీసుకు వెళ్లినప్పుడు 17,000. వెనక టైర్లు 2023వి, అప్పుడే 1.6 మిల్లీమీటర్ల గుర్తు (ఇక మార్చాల్సిన హద్దు) దాకా అరిగిపోయాయి. రెండు వేల కిలోమీటర్లలో టైరు అంత అరగాలంటే చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై లాంటి ట్రాక్ మీద రుద్ది ఉండాలి, లేదా మీటర్ అబద్ధమై ఉండాలి. ఏదైనా ధర తేల్చుకునేముందు తెలియాల్సిందే. బ్రేక్ డిస్కులకూ ఇదే లెక్క. కనీస మందం డిస్కు మీదే రాసి ఉంటుంది, కొలిచి చూస్తే సరిపోతుంది.

అపోహ: ఫుల్ షోరూమ్ ట్రాక్ (అన్ని సర్వీసులూ షోరూమ్‌లోనే చేయించిన రికార్డు) ఉందంటే నమ్మొచ్చు.

పుస్తకంలో ముద్రలు ఎవరైనా కొట్టించగలరు. ఓనర్‌ను తీసుకుని అధీకృత సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, ఛాసిస్ నంబర్‌తో వాళ్ల సిస్టంలో ఉన్న రికార్డు చూపించమనండి. ఎక్కడ ఖాళీ ఉందో చూడండి. ఏటా వచ్చిన బండి హఠాత్తుగా మూడేళ్లు రాలేదంటే, ఆ మూడేళ్ల కథ ఆ తర్వాతి రీడింగ్‌లో కనిపించాలి. వీల్ అలైన్‌మెంట్ కాగితాలు, టైర్ల బిల్లులు, పాత అమ్మకం ప్రకటనల్లోని మీటర్ ఫొటోలు కూడా వెతకండి. మీటర్ పాడై మార్చామంటే పాత రీడింగ్ రాసిన బిల్లు చూపించాలి. ప్రభుత్వ యాప్ ఎం పరివాహన్‌లో ఎన్నో ఓనరో, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ వివరాలు దొరుకుతాయి. కిలోమీటర్ల చరిత్ర దొరకదు.

అపోహ: ఇవన్నీ మన దగ్గరే, అమెరికాలో జరగవు.

అక్కడ పాత మస్టాంగో కమారోనో కొనుక్కునే మన పిల్లలు ఇది తెలుసుకోవాలి. ఏటా 4,50,000కు పైగా వాహనాలు తప్పుడు రీడింగ్‌తో అమ్ముడవుతున్నాయని అక్కడి రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అంచనా. అక్కడున్న సౌకర్యం ఏమిటంటే, పేరు మారేటప్పుడు రీడింగ్ రాసివ్వాలని ఫెడరల్ చట్టం చెబుతుంది. 2011, ఆ తర్వాతి మోడళ్లకు 20 ఏళ్ల దాకా ఈ నిబంధన వర్తిస్తుంది. టైటిల్ (అక్కడి యాజమాన్య పత్రం) మీద ఆ అంకె చదవకుండా డబ్బు పంపకండి.

అపోహ: కొన్నాక బయటపడితే చేసేదేమీ లేదు.

తెలిసే తిప్పి అమ్మితే అది మోసం. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్ కింద వస్తుంది. అమ్మినవాళ్లు డీలర్ అయితే వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లొచ్చు. అయితే రీడింగ్ గురించి వాళ్లేం చెప్పారో రుజువు ఉండాలి. సేల్ అగ్రిమెంట్‌లో ఆ రోజు రీడింగ్, అది అసలైనదేనన్న హామీ రెండూ రాయించండి. ప్రకటన స్క్రీన్‌షాట్, వాట్సాప్ మెసేజ్‌లు దాచుకోండి. అంకె నోటితో చెప్పి, దాని కింద సంతకం పెట్టడానికి వెనకాడితే టోకెన్ ఇవ్వకుండా వచ్చేయండి.