కుజుషిజి: జపానీయులకే కొరుకుడుపడని జపాన్ రాత

జపాన్‌లో పాతకాలపు సోబా (బక్‌వీట్ పిండి నూడుల్స్) దుకాణాల ముందు వేలాడే గుడ్డల మీద ఆ వంటకం పేరు కుంచె రాతలో కనిపిస్తుంది. చూడగానే అది సోబా దుకాణమని అందరికీ తెలుస్తుంది గాని, ఆ అక్షరాలనే విడిగా రాసి చూపిస్తే చదవలేనివారే ఎక్కువ, ఎందుకంటే బడిలో వారు నేర్చుకున్న ‘సో’, ‘బా’ అవి కావు.

1900లో ప్రాథమిక పాఠశాలల నిబంధనలను సవరించినప్పుడు జపాన్ ధ్వని లిపి అయిన హిరగానాలో ఒక్కో ధ్వనికి ఒకే అక్షరాన్ని ఖాయం చేశారు. అంతకుముందు ఒకే ధ్వనికి వేర్వేరు చైనా అక్షరాల నుంచి పుట్టిన అనేక రూపాలు వాడుకలో ఉండేవి. అలా పక్కకు తప్పించిన రూపాలను హెంతైగానా అంటారు. వాటిలో 285 రూపాలకు కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టిక అయిన యూనికోడ్‌లో చోటు దక్కడానికి 2017 దాకా ఆగవలసి వచ్చింది. పైగా పాతవారు కుంచె ఎత్తకుండా అక్షరాలను కలిపి రాసేవారు. కరణాల పాత లెక్కల్లోని గొలుసుకట్టు రాతను చూసినవారికి ఈ ఇబ్బంది వేరే చెప్పనక్కరలేదు. ఈ రాతకే కుజుషిజి అని పేరు.

జాతీయ జపాన్ సాహిత్య పరిశోధన సంస్థ 2014లో సుమారు 3 లక్షల ప్రాచీన గ్రంథాలను ఫోటోలుగా భద్రపరిచే పని చేపట్టింది. అయితే ఫోటో తీసినంత మాత్రాన పుస్తకం చదివినట్టు కాదు. అందుకే ఆ సంస్థ, మానవీయ శాస్త్రాల బహిరంగ దత్తాంశ కేంద్రం కలిసి, కంప్యూటర్లకు ఈ రాత చదవడం నేర్పేందుకు నిపుణులు గుర్తించిన 10 లక్షలకు పైగా అక్షరాల చిత్రాలను అందరికీ అందుబాటులో పెట్టాయి. వాటిలో 4,328 రకాల అక్షరాలున్నాయి. కొన్ని వేలసార్లు కనిపిస్తే, మరికొన్ని ఒకటి రెండుసార్లే కనిపిస్తాయి. యంత్రం ఎక్కువగా తడబడేది ఈ అరుదైన వాటి దగ్గరే.

ఈ దత్తాంశంతో తయారైన కురోనెట్ అనే కృత్రిమ మేధ నమూనా అక్షరాలను ముందుగా విడదీసి ఒక్కొక్కటిగా చదవదు, పుట మొత్తాన్ని ఒకేసారి చూస్తుంది. నా దృష్టిలో అసలు తెలివి ఇక్కడే ఉంది. ఒక గీత ఏ అక్షరమో చాలాసార్లు దాని ఇరుగుపొరుగును బట్టే తేలుతుంది, బొమ్మల చుట్టూ చెదిరినట్టు రాసిన పుటల్లోనైతే వరుస అనేదే ఉండదు. దీని రూపకర్తల్లో ఒకరైన తారిన్ క్లానువాత్ కంప్యూటర్ రంగంలోకి రాకముందు ప్రాచీన జపాన్ నవల గెంజి గాథను అధ్యయనం చేసిన సాహిత్య పరిశోధకురాలు. 2021లో వచ్చిన ‘మివో’ యాప్‌కు ఆ గాథలోని ‘మియోత్సుకుషి’ అధ్యాయం పేరు మీదనే పేరు పెట్టారు. పడవలకు లోతైన దారి చూపేందుకు నీటిలో పాతే గుంజలని ఆ మాటకు అర్థం. ఫోనుతో పుటను ఫోటో తీస్తే ఆ యాప్ పాత అక్షరాల మీదనే నేటి అక్షరాలను చూపిస్తుంది గనుక, అనుమానం వచ్చిన చోట మూలంతో పోల్చి చూసుకోవచ్చు.

మనుషుల పని మాత్రం తీరిపోలేదు. క్యోటో విశ్వవిద్యాలయంలోని పరిశోధకులు 2017 జనవరిలో మొదలుపెట్టిన ‘మిన్నా దె హొన్కొకు’, అంటే ‘అందరం కలిసి ఎత్తిరాద్దాం’, అనే వేదికలో సామాన్యులే పాత పుటలను నేటి లిపిలోకి మారుస్తున్నారు. అక్కడ మొదట చేపట్టినవి కావ్యాలు కావు, భూకంపాల గురించి రాసుకున్న పత్రాలు. భూకంపలేఖినులు లేని కాలంలో, 1855లో ఎదో (నేటి టోక్యో) నగరాన్ని కుదిపిన కంపం వంటివాటిలో ఏ వీధి కూలిందో, ఏది నిలిచిందో తెలుసుకోవాలంటే శాస్త్రవేత్తలకు ఆనాటివారి ఈ రాతలే ముఖ్యమైన ఆధారం.